16 అంగుళాల స్క్రోల్ సా: బల్లార్షా టేకు మీద ఎంతవరకు పనికొస్తుంది?

స్క్రోల్ సా అంటే సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కను వంపుల్లో కోసే బల్ల రంపం. ఆన్‌లైన్‌లో దొరికే 16 అంగుళాల స్క్రోల్ సాలు పేరుకు నాలుగైదు కంపెనీలవి, లోపల మాత్రం దాదాపు ఒకటే మిషను. 120 వాట్ల మోటారు, నిమిషానికి 400 నుంచి 1600 స్ట్రోకులు, ప్యారలల్ ఆర్మ్ (బ్లేడును పైనా కిందా పట్టుకుని సమాంతరంగా ఆడే రెండు చేతులు), ఎడమకు 45 డిగ్రీల దాకా వంగే టేబుల్, పొట్టు ఊదే ప్లాస్టిక్ గొట్టం, ఎటు వంచితే అటు నిలిచే చిన్న ఎల్ఈడీ లైటు. స్టిక్కరు రంగు మారుతుంది, అంతే. అందుకే ఈ రివ్యూ ఒక కంపెనీ గురించి కాదు, ఆ నమూనా గురించి. మహారాష్ట్ర అంచున చాందా (చంద్రపూర్), బల్లార్షా, సిరోంచా వైపు ఇంట్లో ఓ మూల బల్ల వేసుకుని జాలీ పని, నేమ్‌ప్లేట్లు, పిల్లల పజిళ్లు కోద్దామనుకునేవాళ్ల కోసం.

ముందే మార్కులు చెప్పేస్తే: డబ్బా విప్పి, దాంతో వచ్చిన బ్లేడే తొడిగి, ఉత్త బల్ల మీద పెట్టి నడిపితే ఐదుకు రెండు. బరువైన బల్లకు బోల్టులతో బిగించి, పిన్ను లేని బ్లేడ్లకు మారి, క్లాంపుల స్క్రూలు మార్చాక మూడున్నర. ఆ మధ్యలో అయ్యే ఖర్చు మిషను ధరతో పోలిస్తే చాలా తక్కువ. కానీ అది పెట్టని మనిషి రెండు వారాల్లో విసుగొచ్చి మిషనును అటక మీద పడేస్తాడు.

16 అంగుళాలంటే బ్లేడు నుంచి వెనక ఆర్మ్ మొదలు దాకా ఉన్న ఖాళీ, అంటే 406 మిల్లీమీటర్లు. ముక్క మూల నుంచి మూలకు 16 అంగుళాల లోపుంటే ఏ మూలనైనా తిప్పి కోయొచ్చు. రెండడుగుల నేమ్‌ప్లేటు అయితే చివరి అక్షరాల దగ్గర కిరికిరి మొదలవుతుంది. ముక్కను తిప్పేసరికి అవతలి కొస వెళ్లి వెనక తగులుతుంది. అక్కడ స్పైరల్ బ్లేడు వేస్తే ముక్కను తిప్పకుండానే పక్కకు జరుపుతూ కోయొచ్చు గానీ, దాని కోత వెడల్పుగా, గరుకుగా వస్తుంది. లేదంటే బోర్డును రెండు ముక్కలుగా కోసి వెనక పట్టీతో అతకాలి. మందం సంగతికొస్తే, డబ్బా మీద 50 మిల్లీమీటర్లని వేస్తారు. మెత్తటి చెక్కలో నిదానంగా పోతుందేమో గానీ, ఎండిన టేకులో 25 దాటితే ఈ మోటారు ఆయాసపడుతుంది, బ్లేడు మధ్యలో వంగి పైగీత ఒకచోట, కిందిగీత ఒకచోట వస్తాయి. 18 మిల్లీమీటర్ల వరకు నమ్మకంగా కోస్తుంది. కొనేటప్పుడు ఆ లెక్కతోనే కొనాలి.

బిగింపు నుంచి మొదలుపెడదాం. మిషను బరువు పదకొండు, పన్నెండు కిలోలే. అది చాలదు. కింద పాదంలో ఉన్న రంధ్రాల్లోంచి బోల్టులు వేసి, కనీసం 25 మిల్లీమీటర్ల పలక ఉన్న బల్లకు బిగించాలి. మధ్యలో పాత రబ్బరు మ్యాటు ముక్క వేస్తే మోత తగ్గుతుంది. మొత్తం మందంగా స్పాంజి వేసేస్తే మాత్రం మిషనే ఊగుతుంది, వణుకు పెరుగుతుంది. వేగం నాబ్‌ను నెమ్మదిగా పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట బల్ల మరీ ఎక్కువగా వణుకుతుంది. ఆ ఒక్క వేగం వదిలేసి దానికి కాస్త కింద గానీ పైన గానీ పని చేసుకోవాలి. సా టేబుల్ మోచేతి ఎత్తుకు రావాలి. మామూలు డైనింగ్ టేబుల్ మీద పెట్టి కుర్చీలో కూర్చుంటే భుజాలు పైకెత్తి కోయాల్సి వస్తుంది, గంటకే మెడ పట్టేస్తుంది.

తర్వాత టేబుల్ నిటారు. దాని కింద ఉండే డిగ్రీల స్కేలును నమ్మడానికి లేదు. సున్నా దగ్గర ముల్లు ఉన్నా ఒకటి, రెండు డిగ్రీలు తేడా ఉండడం మామూలే. సరిచూసే పద్ధతి తేలిక. 40 మిల్లీమీటర్ల మందమున్న మెత్తటి చెక్క ముక్క తీసుకుని, అంచు మీద రెండు మిల్లీమీటర్ల లోతు గాటు పెట్టండి. మిషను ఆపి, ముక్కను బ్లేడు వెనక్కి తిప్పి, అదే గాటును బ్లేడు వీపుకు ఆనించి చూడండి. బ్లేడు పైనుంచి కిందిదాకా గాటులో సాఫీగా కూర్చుంటే టేబుల్ నిటారుగా ఉన్నట్టు. పైన ఆని కింద ఎడం ఉంటే, ఆ ఎడంలో సగం మేరకే టేబుల్ వంచి మళ్లీ గాటు పెట్టాలి. ఇది తప్పాక పజిల్ ముక్కలు కోస్తే అవి ఒకవైపు నుంచే ఊడతాయి, రెండోవైపు నుంచి బిగుసుకుంటాయి.

అసలు గొడవంతా బ్లేడు పట్టే చోట. మిషనుతో వచ్చేవి రెండు కొసలా అడ్డంగా పిన్నున్న 5 అంగుళాల బ్లేడ్లు. వాటిని తొడగడం సులువు, కొక్కేనికి తగిలిస్తే సరి. కానీ ఆ బ్లేడు వెడల్పే రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. లోపలి కోతకు దాన్ని దూర్చాలంటే పిన్నుతో సహా పోవాలి కాబట్టి కనీసం 4 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. జాలీలో సన్నటి ఆకు కొసలో 4 మిల్లీమీటర్ల రంధ్రం వేశాక ఇక ఆకు ఏం మిగులుతుంది? పిన్ను లేని 2 నంబరు బ్లేడు వెడల్పు ముప్పావు మిల్లీమీటరు లోపే, మందం దాదాపు 0.3. ఒక మిల్లీమీటరు డ్రిల్ బిట్టుతో వేసిన రంధ్రంలోంచి దూరుతుంది. ఉన్నచోటే గిరుక్కున తిరుగుతుంది. స్క్రోల్ సా కొనేదే ఆ మలుపు కోసం. ఆ మలుపు రానప్పుడు చేత్తో పట్టుకుని కోసే జిగ్ సా సరిపోయేది.

పిన్ను లేని బ్లేడ్లకు రెండు చిన్న క్లాంపులు డబ్బాలోనే ఇస్తారు, అలెన్ కీతో (ఆరు పలకల కీ) బిగించే గ్రబ్ స్క్రూలతో (తల లేని చిన్న స్క్రూలు). ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. ఆ స్క్రూలు మెత్తటి ఇనుము, పది, పదిహేను బ్లేడ్లు మార్చేసరికి కీ దూరే గుంట గుండ్రంగా అరిగిపోయి కీ జారుతుంది. పైగా స్క్రూ కొస మొనదేలి ఉండడంతో బ్లేడును అదిమి పట్టదు, ఒక్క బిందువు దగ్గర పొడుస్తుంది. అందుకే బ్లేడు జారడం, క్లాంపు దగ్గరే తెగడం. మందు చిన్నదే. స్క్రూ విప్పి హార్డ్‌వేర్ షాపుకు తీసుకెళ్లి, అదే మర (త్రెడ్) కు సరిపోయే, కొస చదునుగా ఉండే మంచి స్టీలు స్క్రూలు నాలుగు తెచ్చుకోండి. చేత్తో తిప్పే తల ఉన్నవి దొరికితే ఇంకా మేలు, అలెన్ కీ కోసం వెతుక్కునే బాధ పోతుంది. అయితే తల ఆర్మ్‌కు గానీ కవరుకు గానీ తగలకుండా పొడవు చూసుకోవాలి. కొత్త బ్లేడ్ల మీద తుప్పు పట్టకుండా నూనె పూస్తారు. తొడిగే ముందు రెండు కొసలూ థిన్నర్ గుడ్డతో తుడిచి, 220 నంబరు గరుకు కాగితంతో ఒకసారి రుద్దితే జారడం దాదాపు ఆగిపోతుంది. రెండు క్లాంపుల మధ్య దూరం కూడా ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఓ చెక్క ముక్కలో రెండు గాడులు కోసి కొలతబద్దలా పెట్టుకుంటే పని అయిపోతుంది. దూరం ఎక్కువైతే టెన్షన్ నాబ్ చివరిదాకా తిప్పినా బ్లేడు వదులుగానే ఉంటుంది.

టెన్షన్ ఎంత అని అందరూ అడుగుతారు. వేలితో పక్కకు నొక్కితే మూడు మిల్లీమీటర్లకు మించి వంగకూడదు. మీటితే స్పష్టంగా, సన్నగా మోగాలి. బొంగురుగా పలికితే వదులని లెక్క. వదులైన బ్లేడు మలుపులో వంగి కోత ఏటవాలుగా వస్తుంది. మరీ బిగిస్తే తెగుతుంది. ఎక్కడ తెగిందో చూస్తే కారణం తెలిసిపోతుంది: క్లాంపు దగ్గరైతే పట్టులో తేడా, నడుమనైతే చెక్కను ముందుకు తోసే జోరు ఎక్కువ, లేదా బ్లేడు మొండిదైపోయింది. తెగినప్పుడు ఈ మిషన్లలో పై ఆర్మ్ వెంటనే ఆగదు, పైముక్క టకటకా చెక్కను పొడుస్తూనే ఉంటుంది. స్విచ్ ఎడమ చేతికి అందేలా ఉండాలి, లేదంటే కాలి పెడల్ కొనుక్కోవాలి.

బ్లేడ్ల నంబర్లలో పెద్ద చిక్కేమీ లేదు. 2/0 నుంచి 12 దాకా పెరిగేకొద్దీ లావు. 3 నుంచి 6 మిల్లీమీటర్ల చెక్కకు 2 లేదా 3, 12 నుంచి 18 టేకుకు 5, అంతకు మించితే 7. అంతే, మిగతావి తర్వాత కొనుక్కోవచ్చు. 5 నంబరు దాదాపు ఒక మిల్లీమీటరు వెడల్పు, 0.4 మందం. పళ్ల తీరుల్లో స్కిప్ టూత్‌తో (పన్ను విడిచి పన్ను ఉండేది) మొదలుపెట్టి, ప్లైవుడ్‌కు రివర్స్ టూత్ తెచ్చుకోండి. రివర్స్ టూత్‌లో కింది కొసన కొన్ని పళ్లు పైకి చూస్తుంటాయి, అడుగున చీలికలు లేవకుండా చేస్తాయి. అయితే ఆర్మ్ పూర్తిగా పైకి లేచినప్పుడు ఆ తిరగబడ్డ పళ్లలో రెండు, మూడు టేబుల్ మీదికి రావాలి. ఒక్కటీ రాకపోతే అంత ఖరీదు పెట్టి మామూలు బ్లేడు వాడుతున్నట్టే. చాలాసార్లు క్లాంపు కొంచెం మార్చితే సరిపోతుంది. స్విట్జర్లాండ్ పెగాస్, అమెరికా ఓల్సన్, జర్మనీ నిక్వా ఈ పనిలో నమ్మదగ్గ పేర్లు. డజన్ల లెక్కన అమ్ముతారు. ఒక్కరే ఒక డజను తెప్పించుకుంటే డెలివరీ చార్జీలే మోపెడు. ఊళ్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిసి ఒక గ్రోసు, అంటే 144, తెప్పించి పంచుకోవడం లాభం. టేకులో 18 మిల్లీమీటర్ల మీద అరగంట కోశాక బ్లేడును పీకేయండి. మొండి బ్లేడుతో పీనాసితనం చేస్తే చెక్క మాడుతుంది, చేతులు నొప్పి పుడతాయి, గీత తప్పుతుంది.

ఇంకో సంగతి. ఎక్కువ బ్లేడ్లకు తయారీలోనే కుడి పక్క సన్నటి గరుకు మిగులుతుంది, ఆ పక్కకే కోత లాగుతుంది. కాబట్టి గీతకు సూటిగా తోస్తే బ్లేడు కుడికి పోతుంది. చెక్కను కొన్ని డిగ్రీలు ఏటవాలుగా పట్టుకుని తోయాలి. టేబుల్ సాలో ఉండే గైడు దీనికి పెట్టాలని చూడకండి, పనిచేయదు.

ఇక చెక్క. ఈ విషయంలో మన ప్రాంతానికి ఉన్న అదృష్టం హైదరాబాద్ వాళ్లకు లేదు. అయోధ్య రామమందిరం తలుపులకు 2023లో టేకు వెళ్లింది బల్లార్షా డిపో నుంచే. ఆలాపల్లి అడవి టేకు సంగతి చెప్పక్కర్లేదు. మనకు కావలసింది దుంగలు కాదు, ఫర్నిచర్ షాపుల్లో మిగిలే జానెడు, బారెడు ముక్కలు. తలుపు చట్రాల్లోంచి పడే 12 నుంచి 20 మిల్లీమీటర్ల పట్టీలు స్క్రోల్ సాకు బంగారం. వాటిని 6 మిల్లీమీటర్లకు చీల్చే పని సామిల్లులోనే చేయించుకోండి, ఈ మిషనుతో వద్దు. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకుని దగ్గర పెట్టుకోండి. టేకు అనగానే అటవీ చెక్‌పోస్టులో అడుగుతారు, గోదావరి దాటి కాళేశ్వరం వైపు వెళ్లేవాళ్లు మరీను.

టేకుతో రెండు ఇబ్బందులు. అందులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, బ్లేడు పళ్లను త్వరగా అరగదీస్తుంది. నూనె కూడా ఎక్కువ, ఫెవికాల్ సరిగా పట్టదు. అతికే ముందు ఆ చోటును థిన్నర్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు పెట్టాలి. కొత్తవాళ్లు గుమ్మడి టేకుతో మొదలుపెట్టడం మంచిది. మరాఠీ వడ్రంగులు శివణ్ అని ఇచ్చేది అదే. తేలికగా ఉంటుంది, వంకర పోదు, సాఫీగా కోస్తుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క దొరికితే 2 నంబరు బ్లేడు, 700 దగ్గర వేగం చాలు. అది ఎంత మెత్తనంటే కాస్త తోసినా బ్లేడు గీత దాటేస్తుంది. ప్లైవుడ్‌లో మామూలు కమర్షియల్ రకం జోలికి పోవద్దు. లోపలి పొరల్లో ఖాళీలుంటాయి, జాలీ సన్నబడే చోటే అవి బయటపడి ముక్క విరుగుతుంది. బర్చ్ ప్లై 3 మిల్లీమీటర్లది నాలుగు ముక్కలు పేర్చి, అంచులు టేపుతో చుట్టి ఒకేసారి కోస్తే నాలుగూ ఒకే అచ్చులా వస్తాయి. పైగా ఒంటరి 3 మిల్లీమీటర్ల ముక్క కన్నా ఆ దొంతరే అదుపులో ఉంటుంది.

నమూనా అంటించే వరుస ఇది. చెక్క మీద ముందు మాస్కింగ్ టేపు, దాని మీద గ్లూ స్టిక్‌తో కాగితం, అన్నిటి మీదా పారదర్శకంగా ఉండే ప్యాకింగ్ టేపు. పై టేపు వల్ల బ్లేడు వేడెక్కదు, చెక్క మాడదు. వానాకాలంలో గ్లూ స్టిక్ తేమకు లేచిపోతుంది, ఆ నెలల్లో అంటించిన రోజే కోసేయాలి. అమెరికాకు చెందిన స్టీవ్ గుడ్ ఉచితంగా ఇచ్చే నమూనాలు వేలల్లో ఉన్నాయి, అభ్యాసానికి వాటిని మించినవి లేవు. అయితే అవన్నీ ఇంగ్లీషు అక్షరాలవి, అక్కడి పండుగలవి.

మన పేర్లు కోయడంలో మాత్రం ఎవరూ చెప్పని చిక్కు ఒకటుంది. ఇక్కడ నేమ్‌ప్లేటు అంటే చాలా ఇళ్లకు రెండు లిపులు, పైన మరాఠీ, కింద తెలుగు. దేవనాగరిలో పేరు మొత్తం శిరోరేఖకు (పైన అడ్డంగా ఉండే గీతకు) వేలాడుతుంది కాబట్టి చుట్టూ కోస్తే ఒకే ముక్కగా బయటికొస్తుంది. తెలుగులో అలా కాదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ. ప, ష, స, హ ల మీద తలకట్టు విడిగా తేలుతుంది. ఒత్తులు కింద విడిగా ఉంటాయి. థ, ఠ లోపలి చుక్క అయితే చుట్టూ కోయగానే జారి కింద పడుతుంది. కాబట్టి రెండే దారులు. ఒకటి, అక్షరాలను విడివిడిగా కోసి వేరే చెక్క మీద అతకడం. అప్పుడు తలకట్ల స్థానం తప్పకుండా రెండో ప్రింటు తీసి పలక మీద అంటించి, దాని మీదే అమర్చాలి. రెండోది, నమూనాలోనే వంతెనలు గీయడం. కింద 8 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి అన్ని అక్షరాలనూ కలుపుతూ, తలకట్టు నుంచి అక్షరానికి 4 మిల్లీమీటర్ల కాడ, చుక్క నుంచి పక్కకు మరో కాడ. కాడలు చెక్క పొర (నార గీతలు) నడిచే వైపే పెట్టాలి. పొరకు అడ్డంగా పెట్టిన 4 మిల్లీమీటర్ల టేకు కాడ ఇసుక కాగితం రుద్దేటప్పుడే టక్కున విరుగుతుంది. అక్షరం ఎత్తు 75 మిల్లీమీటర్లు, గీత మందం 6 కి తగ్గకుండా చూసుకోండి. లోపలి కోతలన్నీ ముందు, నడుమ నుంచి అంచులకు. బయటి గీత అన్నిటికన్నా ఆఖరున. బయటిది ముందు కోసేస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

లేజర్ షాపులో ఇదే పేరు పది నిమిషాల్లో కోసిస్తారు, నిజమే. నల్లగా మాడిన అంచు, 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ సరే అనుకుంటే అదే చౌక. 18 మిల్లీమీటర్ల టేకులో, మాడిన వాసన లేకుండా, టేబుల్ వంచి ఇన్లే (ఒక చెక్కలో ఇంకో చెక్క ముక్క పొదగడం) చేయాలంటే ఈ మిషను దగ్గరికే రావాలి. ఇన్లేకు కోణం లెక్క ఇది: బ్లేడు కోత వెడల్పును చెక్క మందంతో భాగించి, దానికి టాన్ విలోమం కట్టాలి. 0.4 కోత, 6 మిల్లీమీటర్ల చెక్క అయితే 3.8 డిగ్రీలు. 12 మిల్లీమీటర్లకు 1.9 చాలు. ఈ మిషను స్కేలు మీద ఆ సూక్ష్మం పట్టదు, కాబట్టి అదే రకం చెక్క తుక్కు మీద ఒక గుండ్రటి ముక్క కోసి, వేలితో నొక్కితే సరిగ్గా పైకి సమంగా వచ్చే దాకా సరిచేసుకోవడమే. ఒదులైతే కోణం పెంచాలి, మధ్యలోనే ఆగిపోతే తగ్గించాలి.

దుమ్ము గురించి మొహమాటం అక్కర్లేదు. కొందరికి టేకు పొట్టు చర్మం మీద దద్దుర్లు, దగ్గు తెస్తుంది. చెక్క దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంచింది. ఈ మిషను గొట్టమేమో పొట్టును నేరుగా మన ముఖం మీదికే ఊదుతుంది. ఎన్95 మాస్కు, కింది రంధ్రానికి ఇంటి వాక్యూమ్ గొట్టం తప్పనిసరి. పడుకునే గదిలో ఈ పని పెట్టుకోకండి.

వానాకాలంలో పోత ఇనుము టేబుల్ వారంలో ఎర్రబడుతుంది. 400 నంబరు కాగితంతో రుద్ది, కొవ్వొత్తి పామి, పొడి గుడ్డతో తోమితే చెక్క కూడా నున్నగా జారుతుంది. నూనె రాయొద్దు, చెక్కకు మరక అంటుకుంటుంది. వోల్టేజి పడిపోయే సాయంత్రాల్లో వేగం దానంతటదే తగ్గుతుంది. ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే 120 వాట్లే కాబట్టి బరువేమీ కాదు, సైన్ వేవ్ రకమైతేనే వేగం కంట్రోలర్ కుదురుగా ఉంటుంది. డివాల్ట్ 788 లాంటి 20 అంగుళాల మిషను వణుకులోనూ క్లాంపులోనూ దీనికన్నా ఎన్నో మెట్లు పైనే. కానీ అమెరికా నుంచి తెప్పించుకున్నది వాళ్ల 120 వోల్టులదే అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, సుంకం కట్టాలి. రోజూ ఆర్డర్లున్నవాళ్లు తప్ప అంత దూరం పోనక్కర్లేదు.

స్పేర్ల విషయంలో అమ్మినవాళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు, పెట్టె అందాక ఫోను ఎత్తేవాళ్లు తక్కువ. కార్బన్ బ్రష్‌లు అరిగితే కొలత చూపించి మోటారు వైండింగ్ షాపులో కాస్త పెద్దవి తీసుకుని అరగదీసి పెట్టించుకోవచ్చు. పొట్టు ఊదే రబ్బరు తిత్తి ఏడాదిలో చిరగడం ఖాయం. దానికి చేపల తొట్టి గాలి పంపు ఒకటి కొని గొట్టానికి కలిపేయండి. వేగం తగ్గించినా గాలి తగ్గదు కాబట్టి అసలు తిత్తి కన్నా అదే బాగా పనిచేస్తుంది.